ఫార్మ్ ర్యాంకు దాటి చూడాలంటే: బేస్‌బాల్ జట్టులో కుర్రాళ్ల సత్తాను, స్థానాల వారీ డెప్త్‌ను లెక్కగట్టే పద్ధతి

మీ జట్టు ఫార్మ్ సిస్టమ్ (కింది స్థాయి జట్లలో పెరిగే కుర్రాళ్ల సమూహం) మేజర్ లీగ్‌లోని మొత్తం 30 జట్లలో మూడోదని జాబితాలు చెబుతాయి. జూన్‌లో షార్ట్‌స్టాప్‌కి తొడ కండరం పట్టేస్తే మాత్రం ఆ చోట నిలబెట్టడానికి ఎవరూ దొరకరు. ఇదెలా జరుగుతుందని చాలామంది అడుగుతున్నారు.

ర్యాంకు కొలిచేది ప్రతిభను. డెప్త్ (ఒక స్థానంలో ఆటగాడు లేకపోతే ఆ చోట ఆడగలవారు ఎందరన్నది) తెలియాలంటే ఇంకో రెండు విషయాలు కావాలి: కుర్రాడు చివరికి నిలిచే స్థానం, అతను అక్కరకొచ్చే తేదీ. ప్రతి పేరు పక్కన ఈ రెండూ రాసే పద్ధతినే ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

ఉదాహరణలన్నీ 2024 సీజన్ మొదలైన నాటి బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టువి. అప్పుడు అక్కడ కుర్రాళ్లకు కొదవ లేదు. కొన్ని స్థానాలు నిండిపొర్లుతున్నాయి, కొన్నింట్లో ఎవరూ లేరు. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా తెలుసు కాబట్టి అంచనాను ఫలితంతో పోల్చుకోవచ్చు.

1. మొదలుపెట్టే ముందు

ముందు ఒక తేదీ ఖాయం చేసుకోండి. "మార్చి 25 నాటి పరిస్థితి" అని షీటు పైన రాసి, ఆ తర్వాతి వార్తలను అందులోకి రానివ్వకండి. తేదీ లేని డెప్త్ చార్ట్ వారానికే పనికిరాకుండా పోతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

☐ జట్టు 40 మంది రోస్టర్ (ఆటగాళ్ల జాబితా), 60 రోజుల గాయాల జాబితాలో ఉన్నవారి పేర్లతో సహా
☐ నాలుగు మైనర్ లీగ్ జట్ల రోస్టర్లు, పై స్థాయి నుంచి కిందికి: ట్రిపుల్-ఏ, డబుల్-ఏ, హై-ఏ, సింగిల్-ఏ (2024లో ఓరియోల్స్‌కు వరుసగా నార్ఫోక్, బౌయీ, అబర్డీన్, డెల్మార్వా)
☐ ఫ్యాన్‌గ్రాఫ్స్ వారి రోస్టర్ రిసోర్స్ పేజీ: ఆప్షన్లు (ఆటగాడిని కిందికి పంపే హక్కులు), సర్వీస్ టైమ్ (మేజర్ లీగ్ రోస్టర్‌లో గడిపిన కాలం) కోసం
☐ బేస్‌బాల్ రిఫరెన్స్‌లో ఆటగాడి ఫీల్డింగ్ పట్టిక: ఏ స్థానంలో ఎన్ని మ్యాచులు ఆడాడో చూడటానికి
☐ బేస్‌బాల్ సావంట్: ట్రిపుల్-ఏ, ఫ్లోరిడా స్టేట్ లీగ్ మ్యాచుల స్టాట్‌కాస్ట్ (బంతి వేగాన్ని, కదలికను కొలిచే వ్యవస్థ) కొలతలు ఇక్కడ దొరుకుతాయి
☐ కనీసం రెండు వేర్వేరు ప్రాస్పెక్ట్ (పైకి వస్తారనుకునే కుర్రాళ్ల) జాబితాలు

షీటులో ఈ నిలువు వరుసలు పెట్టండి: పేరు, పుట్టిన తేదీ, బ్యాటింగ్ చేయి, త్రో చేసే చేయి, స్థాయి, గత రెండు సీజన్లలో ఆడిన స్థానాలు, చివరికి నిలిచే స్థానం, రాగల తేదీ, 40 మందిలో ఉన్నాడా, మిగిలిన ఆప్షన్లు, రూల్ 5 సంవత్సరం (8వ భాగం చూడండి), గాయాలు.

రూకీ స్థాయిలోని కాంప్లెక్స్ లీగులు, డొమినికన్ సమ్మర్ లీగ్ కుర్రాళ్లను వేరే కాగితంలో పెట్టండి. పదిహేడేళ్ల కుర్రాడు ఎంత ప్రతిభావంతుడైనా ఈ ఏడాదికీ వచ్చే ఏడాదికీ డెప్త్ లెక్కలోకి రాడు. అతన్ని కలిపితే ఖాళీ స్థానం నిండినట్టు కనిపిస్తుంది.

2. ముందు పెద్ద జట్టు, తర్వాతే కుర్రాళ్లు

చాలామంది పైనుంచి కాకుండా ప్రాస్పెక్ట్ జాబితా నుంచి మొదలుపెడతారు. అది తలకిందుల పని. ఖాళీ ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఎవరు కావాలో తెలియదు.

మేజర్ లీగ్‌లో ఆడే రోస్టర్ 26 మంది. అందులో పిచర్లు 13కి మించకూడదు. సెప్టెంబరులో రోస్టర్ 28కి, పిచర్ల పరిమితి 14కి పెరుగుతాయి. అంటే మామూలుగా 13 మంది బ్యాటర్లు: డిజిగ్నేటెడ్ హిట్టర్‌తో (పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడితో) కలిపి తొమ్మిది మంది, బెంచ్ మీద నలుగురు. ఆ నలుగురిలో ఒకరు రెండో క్యాచర్.

ప్రతి స్థానంలో ఇప్పుడున్న ఆటగాడి పేరు, పక్కనే అతను జట్టు ఆధీనంలో ఉండే చివరి సీజన్ రాయండి. ఓరియోల్స్‌కు 2024 మార్చిలో ఇలా వచ్చేది: శాంటాండర్ 2024, మలిన్స్, హేస్ 2025, మౌంట్‌కాసిల్ 2026, రచ్‌మన్ 2027, హెండర్సన్ 2028. ఈ ఒక్క వరుస చూస్తేనే సగం కథ తెలుస్తుంది. ముగ్గురు అవుట్‌ఫీల్డర్లూ రెండేళ్లలో వెళ్లిపోవచ్చు, కాబట్టి అవసరం ముందుగా వచ్చేది అక్కడ.

ఆధీనం ఎంతవరకో అరంగేట్రం తేదీ చూసి ఊహించకండి. 172 రోజులు రోస్టర్‌లో ఉంటే ఒక సంవత్సరం సర్వీస్. ఆరు సంవత్సరాలు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్లవచ్చు. రచ్‌మన్ 2022 మే 21న మొదలుపెట్టాడు కాబట్టి ఆ ఏడాది నిండకూడదు. కానీ రూకీ ఆఫ్ ది ఇయర్ (తొలి ఏడాది ఆటగాళ్లలో ఉత్తముడు) ఓటింగ్‌లో మొదటి ఇద్దరిలో నిలిచినవారికి పూర్తి సంవత్సరం ఇవ్వాలని లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో ఉంది. అతను రెండో స్థానంలో వచ్చాడు, దాంతో ఒక ఏడాది ముందే ఫ్రీ ఏజెంట్ అవుతాడు. రోస్టర్ పేజీలో సర్వీస్ అంకెనే నమ్మండి.

3. చివరికి నిలిచే స్థానం రాయడం

మొత్తం పనిలో తీర్పు ఎక్కువగా కావాల్సింది ఇక్కడే. ఎక్కువ అంచనాలు తప్పేదీ ఇక్కడే.

క్రికెట్‌లో కీపర్‌ను పక్కన పెడితే స్లిప్‌లో నిలబడేవాడిని అవసరమైతే బౌండరీ దగ్గరికి పంపి సర్దుకోవచ్చు. బేస్‌బాల్‌లో ఆ సర్దుబాటు ఒక వైపే సాగుతుంది. కష్టం పెరిగే వరుస ఇది: ఫస్ట్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్, రైట్ ఫీల్డ్, థర్డ్ బేస్, సెంటర్ ఫీల్డ్, సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, క్యాచర్. డిఫెన్సివ్ స్పెక్ట్రమ్ అని గణాంకాల విశ్లేషకుడు బిల్ జేమ్స్ పేరుపెట్టిన వరుస ఇదే. షార్ట్‌స్టాప్ ఆడేవాడు కిందికి దిగి సెకండ్ బేస్ ఆడగలడు. ఫస్ట్ బేస్‌మన్ షార్ట్‌స్టాప్‌కి ఎక్కలేడు.

డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) షార్ట్‌స్టాప్ అని రాసి ఉన్న పేర్లు చాలా ఎక్కువ. స్కూల్ జట్టులో అందరికంటే బాగా ఆడే కుర్రాడిని అక్కడే నిలబెడతారు, అంతకుమించి ఆ మాటకు అర్థం లేదు. ర్యాన్ మౌంట్‌కాసిల్‌ను 2015లో షార్ట్‌స్టాప్‌గానే తీసుకున్నారు. తర్వాత థర్డ్ బేస్, ఆ తర్వాత లెఫ్ట్ ఫీల్డ్, చివరికి ఫస్ట్ బేస్. డ్రాఫ్ట్ రోజు కాగితం చూసి అతన్ని షార్ట్‌స్టాప్ డెప్త్‌లో లెక్కించిన వారి చార్ట్ మొదటి నుంచీ తప్పే.

స్థానం మారితే విలువ ఎంత మారుతుందో ఫ్యాన్‌గ్రాఫ్స్ వాడే సర్దుబాటు చెబుతుంది. 162 మ్యాచులకు క్యాచర్‌కు 12.5 పరుగులు, షార్ట్‌స్టాప్‌కు 7.5 కలుపుతారు. సెకండ్, థర్డ్, సెంటర్‌కు 2.5 చొప్పున. లెఫ్ట్, రైట్ ఫీల్డ్ నుంచి 7.5, ఫస్ట్ బేస్ నుంచి 12.5, డిజిగ్నేటెడ్ హిట్టర్ నుంచి 17.5 తీసేస్తారు. అదే బ్యాట్‌తో షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కి దిగితే 20 పరుగుల తేడా.

స్థానం నిర్ణయించేటప్పుడు ఈ వరుసలో చూడండి:

☐ గత రెండు సీజన్లలో ఏ స్థానంలో ఎన్ని మ్యాచులు ఆడాడు? జట్టు యాజమాన్యం ఏమనుకుంటోందో ఈ అంకెలే చెబుతాయి.
☐ పక్కన ఇంకా మంచి ఆటగాడు ఉన్నందువల్ల మారాడా, తన లోపం వల్ల మారాడా? హెండర్సన్ షార్ట్‌స్టాప్‌లో ఉన్నాడు కాబట్టి జాక్సన్ హాలిడే సెకండ్ బేస్‌కి వెళ్లాడు. అది లోపం కింద రాయకూడదు.
☐ శరీరం ఇంకా పెరుగుతుందా? 19 ఏళ్లకే భారీగా ఉన్న ఇన్‌ఫీల్డర్ 23 ఏళ్లకు ఒక మెట్టు దిగే అవకాశం ఎక్కువ.
☐ చేయి, అంటే విసిరే బలం, సరిపోతుందా? షార్ట్‌స్టాప్ కుడివైపు లోపలికి వెళ్లి ఆపిన బంతిని నేరుగా ఫస్ట్‌కి చేర్చలేకపోతే అతను సెకండ్ బేస్‌మనే.

2023 నుంచి షిఫ్ట్ (బ్యాటర్‌ను బట్టి ఇన్‌ఫీల్డర్లను ఒకవైపుకు జరపడం) మీద పరిమితి వచ్చింది. సెకండ్ బేస్‌కి అటూ ఇటూ ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు, నలుగురూ ఇన్‌ఫీల్డ్ హద్దు లోపలే నిలబడాలి. అంతకుముందు కదలిక తక్కువగా ఉన్న సెకండ్ బేస్‌మన్‌ను షిఫ్ట్‌లో దాచగలిగేవారు. ఇప్పుడు కుదరదు. 2023కి ముందు రాసిన "సెకండ్ బేస్ ఆడగలడు" అన్న మాటను మళ్లీ పరీక్షించండి.

రెండో స్థానం రాయడానికి ఒక నియమం పెట్టుకోండి: రెండు సీజన్లలో కలిపి కనీసం 20 మ్యాచులు ఆడి ఉంటేనే ఆ స్థానం ఎదుట పేరు రాయాలి. ఒకటి రెండు మ్యాచులు నిలబడినంత మాత్రాన ఆ స్థానం తెలిసినట్టు కాదు.

4. ప్రతిభకు అంకె

స్కౌట్లు వాడేది 20 నుంచి 80 వరకు ఉండే కొలత. 50 అంటే మేజర్ లీగ్ సగటు. బ్యాటర్‌కు ఐదు విషయాలు: బంతిని తాకే నైపుణ్యం, పవర్, పరుగు, చేయి, ఫీల్డింగ్. ప్రతిదానికీ ఇప్పటిది, భవిష్యత్తుది అని రెండు అంకెలు ఉంటాయి. 35/60 అని ఉంటే ఇప్పుడు బాగా వెనకబడి ఉన్నాడు, మంచి స్థాయికి చేరగలడు అని అర్థం. డెప్త్ చార్ట్‌కు మొదటి అంకె, మూడేళ్ల ప్రణాళికకు రెండోది వాడండి. రెండింటినీ కలిపి సగటు తీయడం వల్ల ప్రయోజనం లేదు.

మొత్తం మీద ఒకే అంకె ఇవ్వాలంటే: 40 బెంచ్ ఆటగాడు లేదా మధ్య ఇన్నింగ్స్ రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచర్), 45 ప్లాటూన్ ఆటగాడు (ఎదుటి పిచర్ చేతిని బట్టి ఆడించేవాడు), 50 రోజూ ఆడగల సగటు ఆటగాడు, 55 సగటును దాటినవాడు, 60 ఆల్-స్టార్ స్థాయి. 45, 50 మధ్య తేడాను తేలిగ్గా తీసుకోకండి. 45 ఉన్నవాళ్లు నలుగురు ఉన్నా స్థానం నిండినట్టు కాదు.

5. గణాంకాలు చదివే వరుస

బ్యాటింగ్ సగటు చివర చూడాల్సింది. ముందు వయసు. ఆటగాళ్ల వయసు సింగిల్-ఏలో 21, 22 దగ్గర, హై-ఏలో 22, 23 దగ్గర, డబుల్-ఏలో 24 దగ్గర, ట్రిపుల్-ఏలో 26 దగ్గర ఉంటుంది. డబుల్-ఏలో ఇరవై ఏళ్ల కుర్రాడి మామూలు అంకెలు, హై-ఏలో 25 ఏళ్లవాడి గొప్ప అంకెలకంటే విలువైనవి.

రెండోది ప్లేట్ అపియరెన్సులు (ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి వచ్చాడన్నది). ఒక స్థాయిలో వందకంటే తక్కువైతే తీర్పు ఆపండి. గాయం నుంచి వచ్చిన మొదటి నెలను విడిగా చూడండి.

మూడోది స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో అవుట్ కావడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా ఫస్ట్ బేస్ దక్కడం). మేజర్ లీగ్‌లో స్ట్రైకౌట్ రేటు సుమారు 22, 23 శాతం, వాక్ రేటు 8 శాతం పైచిలుకు. డబుల్-ఏలోనే 30 శాతం దాటి స్ట్రైకౌట్ అవుతుంటే పైన ఇంకా పెరుగుతుంది. డబుల్-ఏ అసలైన జల్లెడ, ఎందుకంటే పిచర్లు వెనకబడిన కౌంట్‌లో (చెడ్డ బంతులు ఎక్కువైనప్పుడు) కూడా స్లైడర్‌నూ (పక్కకు వంగే బంతి) చేంజప్‌నూ (నెమ్మది బంతి) స్ట్రైక్ వేయగలిగేది అక్కడి నుంచే.

ట్రిపుల్-ఏ వాక్‌లను కొంచెం అనుమానంగా చూడండి. 2023లో అక్కడ యంత్రం నిర్ణయించే స్ట్రైక్ జోన్ వాడారు, 2024లో కూడా కొంతకాలం. ఆ రోజుల్లో వాక్‌లు మేజర్ లీగ్‌లో కంటే బాగా ఎక్కువ. అప్పుడు 14 శాతం వాక్‌లు తీసిన బ్యాటర్ పైకి వస్తే 9, 10కి దిగినా ఆశ్చర్యపడకండి.

నాలుగోది బంతిని కొట్టిన తీరు. జోన్ లోపలి బంతిని తాకే శాతం 85 దాటితే బాగున్నట్టు, 75 కంటే తక్కువైతే దిగులు పడాల్సిందే. బ్యాట్ నుంచి బంతి వెళ్లే వేగంలో 90వ పర్సంటైల్ గంటకు 103, 104 మైళ్లు ఉంటే మేజర్ లీగ్ సగటుకు దగ్గర. సగటు వేగం కంటే ఈ కొలత పవర్‌ను బాగా చెబుతుంది.

ఐదోది ఎడమచేతి, కుడిచేతి పిచర్ల మీద విడివిడి అంకెలు. కింది స్థాయుల్లో ఎడమచేతి పిచర్లు తక్కువగా ఎదురవుతారు కాబట్టి ఎడమచేతి బ్యాటర్ లోపం చాలాకాలం దాగి ఉంటుంది.

ఆరోది మైదానం. ఆల్బకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంది. రీనో, లాస్ వేగాస్, ఎల్ పాసో కూడా బ్యాటర్లకు వరాలిచ్చే చోట్లే. అక్కడ ఆడే కుర్రాడి హోం, అవే అంకెలను విడదీసి, అవే వైపు చూసి రాయండి.

ఇవన్నీ బాగున్నా పైకి వచ్చే మెట్టు నిటారుగానే ఉంటుంది. జాక్సన్ హాలిడే 2022 డ్రాఫ్ట్‌లో మొదటివాడు. 2023లో ఒక్క ఏడాదిలో నాలుగు స్థాయులు దాటాడు. 2024 ఏప్రిల్ 10న, ఇరవై ఏళ్ల వయసులో మేజర్ లీగ్‌కి వచ్చి 34 బ్యాటింగ్ అవకాశాల్లో రెండే హిట్లు కొట్టి నార్ఫోక్‌కి తిరిగివెళ్లాడు. జూలై 31న గానీ మళ్లీ పిలవలేదు. అందుకే "రాగల తేదీ" గడిలో రెండు తేదీలు రాయండి: మొదటిసారి పిలిచేది, కుదురుకునేది. ఈ రెండింటి మధ్య కనీసం అర సీజన్ వదిలితే ప్రణాళిక నిలబడుతుంది.

6. కళ్లారా చూసే వీలుంటే

మన తెలుగువాళ్లు చాలామంది ఉండే డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో టెక్సస్ రేంజర్స్ డబుల్-ఏ జట్టు రఫ్‌రైడర్స్ ఆడుతుంది. న్యూజెర్సీలో ఎడిసన్‌కు దగ్గర్లోని బ్రిడ్జ్‌వాటర్‌లో యాంకీస్ డబుల్-ఏ జట్టు సోమర్‌సెట్ పేట్రియట్స్ ఉంది. మైనర్ లీగ్ సిరీస్ మంగళవారం నుంచి ఆదివారం వరకు ఆరు మ్యాచులు, సోమవారం సెలవు. ఒకే జట్టును రెండు రోజులు చూస్తే బెంచ్ ఆటగాళ్లు కూడా కనబడతారు.

స్టాప్‌వాచ్ తీసుకెళ్లి హోం ప్లేట్ వెనక కూర్చోండి.

☐ బంతి బ్యాట్‌కు తగిలిన క్షణం నుంచి ఫస్ట్ బేస్ తొక్కేవరకు: కుడిచేతి బ్యాటర్‌కు 4.3 సెకన్లు, ఎడమచేతి బ్యాటర్‌కు 4.2 సెకన్లు సగటు. పదో వంతు సెకను తగ్గితే సుమారు పది అంకెలు పెరుగుతాయి.
☐ క్యాచర్ గ్లవ్ నుంచి సెకండ్ బేస్ గ్లవ్ వరకు: 2.0 సగటు, 1.9 బాగున్నట్టు.
☐ పిచర్ కదలిక మొదలైన దగ్గర్నుంచి బంతి ప్లేట్ చేరేవరకు, బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు: 1.3 లోపు ఉండాలి. 1.5 దాటితే క్యాచర్ ఎంత మంచివాడైనా రన్నర్ తర్వాతి బేస్‌ను దొంగిలించకుండా ఆపలేడు.

పూర్తి వేగంతో పరుగెత్తినప్పటి సమయాలే రాసుకోండి. మామూలు గ్రౌండ్‌బాల్‌కి నెమ్మదిగా వెళ్లిన పరుగును లెక్కించకూడదు.

7. పిచర్లకు వేరే షీటు

స్టార్టర్ల (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ల) లెక్క కూడికతో మొదలవుతుంది. సీజన్‌లో 162 మ్యాచులు. మొదటి ఐదుగురు తలా 26 మ్యాచులు మొదలుపెడితే 130. ఇంకా 32 మిగులుతాయి. అంటే ఒక పూర్తికాలపు స్టార్టర్ పనిని ఆరు నుంచి పదో పేరు వరకు ఉన్నవాళ్లు చేయాలి. ఐదు పేర్లతో ఆగిపోయిన డెప్త్ చార్ట్ అసంపూర్ణం. పది పేర్లు రాయండి. అందులో కనీసం ఆరుగురు 40 మంది రోస్టర్‌లో ఉండాలి.

2024లో ఓరియోల్స్‌కు ఇదే ప్రాణం పోసింది. ఫిబ్రవరిలో స్టార్టర్ కార్బిన్ బర్న్స్‌ను తెచ్చుకున్నారు. అయినా జూన్‌లో పిచర్లు బ్రాడిష్, మీన్స్, వెల్స్ ముగ్గురికీ మోచేతి శస్త్రచికిత్సలు జరిగాయి. మైనర్ లీగ్ ఒప్పందం మీద వచ్చిన ఆల్బర్ట్ స్వారెజ్ ఇరవైకి పైగా మ్యాచులు మొదలుపెట్టాడు. కేడ్ పోవిచ్‌ను నార్ఫోక్ నుంచి పిలిచారు. జూలైలో ఎఫ్లిన్‌ను, రోజర్స్‌ను బయటినుంచి తెచ్చారు. సీజన్ మొదట్లో ఏ జాబితాలోనూ కనిపించని స్వారెజ్ లాంటి పేర్లను కూడా ఏడు, ఎనిమిది స్థానాల్లో రాయాలి.

కుర్రాడు స్టార్టర్‌గా నిలుస్తాడో రిలీవర్ అవుతాడో తేల్చడానికి:

☐ నమ్మదగిన మూడో బంతి ఉందా? ఫాస్ట్‌బాల్, స్లైడర్ మాత్రమే ఉంటే ఎదుటి చేతి బ్యాటర్ల ముందు చిక్కే. వాళ్ల కోసమే చేంజప్ కావాలి.
☐ వాక్ రేటు 10 శాతం లోపు ఉందా?
☐ స్ట్రైకౌట్ రేటులోంచి వాక్ రేటు తీసేస్తే ఎంత? మేజర్ లీగ్ సగటు 14 దరిదాపుల్లో ఉంటుంది. డబుల్-ఏలో 20 దగ్గర ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.
☐ అదే బ్యాటర్లు మూడోసారి వచ్చినప్పుడు కూడా ఆడిస్తున్నారా, నాలుగో ఇన్నింగ్స్‌కే తీసేస్తున్నారా?
☐ గత ఏడాది ఎన్ని ఇన్నింగ్స్? నిరుడు 90 వేసినవాడిని ఈ ఏడాది 160కి లెక్కించకండి. 110, 120 దగ్గర ఆపి మిగిలిన మ్యాచులకు ఇంకో పేరు రాయండి.

మైనర్ లీగ్ స్టార్టర్ వారానికి ఒకసారి వేయడానికి అలవాటుపడి ఉంటాడు. పైన ఐదో రోజుకే బంతి అందుకోవాల్సి రావచ్చు. డబుల్-ఏ, ఆ కింది స్థాయుల్లో బంతి కూడా వేరు. మేజర్ లీగ్ బంతి ట్రిపుల్-ఏ నుంచే వాడతారు. అందుకే డబుల్-ఏ నుంచి నేరుగా పైకి వచ్చే పిచర్ స్లైడర్ మొదటి నెలలో పట్టు తప్పితే కంగారుపడి గ్రేడు తగ్గించకండి.

టామీ జాన్ శస్త్రచికిత్స (మోచేతి లిగమెంట్ మార్పిడి) అయినవారికి 12 నుంచి 18 నెలలు వేయండి. వేగం ముందు వస్తుంది, బంతి మీద అదుపు చివర వస్తుంది. 12వ నెలను రాగల తేదీగా రాసే అలవాటు మానేయాలి.

రిలీవర్ ప్రాస్పెక్టులకు ఎక్కువ సమయం పెట్టకండి. మంచి రిలీవర్లలో చాలామంది ఒకప్పటి స్టార్టర్లే. పై పరీక్షలో తప్పినవారే ఈ గడిని నింపుతారు.

8. రోస్టర్ నిబంధనలు

ఆడగలిగినా పిలవలేని ఆటగాడు డెప్త్ కాదు.

40 మందిలో లేని కుర్రాడిని పిలవాలంటే ముందు ఒక చోటు ఖాళీ చేయాలి. ఎవరినైనా 60 రోజుల గాయాల జాబితాకు పంపాలి, లేదా వదులుకోవాలి. షీటు పక్కన "మొదట వెళ్లిపోయే ముగ్గురు" అని రాసుకోండి. ఆ ముగ్గురూ మీకు అవసరమైనవారైతే ఖాళీ లేనట్టే.

ఆటగాడికి సాధారణంగా మూడు ఆప్షన్ సంవత్సరాలు. ఒక సీజన్‌లో 20 రోజులు మైనర్లలో ఉంటే ఒకటి ఖర్చు. 2022 నుంచి ఒకే సీజన్‌లో ఐదుసార్లకు మించి కిందికి పంపకూడదు. పంపిన బ్యాటర్‌ను 10 రోజుల దాకా, పిచర్‌ను 15 రోజుల దాకా వెనక్కి పిలవలేరు. గాయపడినవారి స్థానంలో అయితే మినహాయింపు. ఆప్షన్లు అయిపోయినవాడు వేవర్స్ (ఇతర జట్లు అతన్ని తీసుకోగల గడువు) దాటకుండా కిందికి వెళ్లలేడు. కాబట్టి అతను బెంచ్ మీద ఒక చోటు ఆక్రమిస్తాడు, లేదా వేరే జట్టుకు పోతాడు.

రూల్ 5 డ్రాఫ్ట్ (40 మందిలో చేర్చని ఆటగాళ్లను ఇతర జట్లు తీసుకునే ఎంపిక) కోసం: 18 ఏళ్లకు లేదా అంతకు ముందు సంతకం చేసినవారిని ఐదు సీజన్లలోపు, 19 లేదా పైన చేసినవారిని నాలుగు సీజన్లలోపు 40 మందిలో చేర్చాలి. లేకపోతే డిసెంబరులో వేరే జట్టు 1,00,000 డాలర్లు కట్టి ఎగరేసుకుపోవచ్చు. కుర్రాళ్లు ఎక్కువున్న జట్టుకు ఇది నిజమైన తలనొప్పి.

9. గొలుసు పరీక్ష

షీటు నిండాక ఒక్కో ప్రధాన ఆటగాడిని 60 రోజులకు తీసేసి చూడండి. అతని చోటికి వచ్చినవాడు ఎక్కడినుంచి వచ్చాడు, ఆ ఖాళీలోకి ఎవరు, ఆ తర్వాతి ఖాళీలోకి ఎవరు? గొలుసు ఎక్కడ తెగుతుందో రాయండి.

2024 మార్చిలో హెండర్సన్‌ను తీసేస్తే: షార్ట్‌స్టాప్‌కి మటేయో, లేదా వెస్ట్‌బర్గ్. వెస్ట్‌బర్గ్ వెళితే సెకండ్ బేస్‌కి హాలిడే, నార్బీ. థర్డ్‌లో యురియాస్, వెనక మాయో. ఎన్ని లింకులైనా తెగదు. ఇది లోతైన ఇన్‌ఫీల్డ్.

క్యాచర్ రచ్‌మన్‌ను తీసేస్తే: మెక్‌కాన్ రోజూ ఆడాలి, రెండో క్యాచర్‌గా నార్ఫోక్ నుంచి ప్రాస్పెక్ట్ కాని ఆటగాడు. క్యాచర్ ప్రాస్పెక్ట్ బసాయో అప్పటికి 19 ఏళ్లవాడు, డబుల్-ఏలో ఉన్నాడు. గొలుసు రెండో లింకులోనే తెగింది. మొదటి వంద మంది ప్రాస్పెక్టుల్లో క్యాచర్ ఉన్న జట్టుకు ఆ ఏడాది క్యాచర్ డెప్త్ లేదు. ర్యాంకుకూ తేదీకీ ఉన్న తేడా ఇదే.

ఇంకో పరీక్ష చేతులది. హెండర్సన్, హాలిడే, కౌజర్, కర్‌స్టాడ్, స్టోవర్స్, మలిన్స్, ఓహర్న్ అందరూ ఎడమచేతి బ్యాటర్లే. అవుట్‌ఫీల్డ్‌లో పేర్లు నిండుగా ఉన్నా, ఎడమచేతి స్టార్టర్ ఎదురైన రోజున హేస్, స్విచ్ హిట్టర్ (రెండు వైపులా నిలబడి ఆడగల) శాంటాండర్ తప్ప మిగిలినవారంతా ఒకే ఇబ్బందిలో పడతారు. ప్రతి స్థానానికీ ఎడమ, కుడి అని రెండు వరుసలు గీయండి.

10. మిగులును ఎలా చూడాలి

మూడు స్థానాలకు ఆరుగురు ఉంటే ముగ్గురు మిగులు. కానీ మిగులు అనే ముందు ఆప్షన్లు, రూల్ 5 సంవత్సరం చూడాలి. వచ్చే నవంబరులో 40 మందిలో చోటు కావాల్సినవాడి విలువ మీకంటే ఇతర జట్లకు ఎక్కువ కావచ్చు. అప్పుడు మార్చుకోవడమే మేలు.

2024 ఫిబ్రవరి 1న ఓరియోల్స్ షార్ట్‌స్టాప్ జోయి ఓర్టిజ్‌ను, పిచర్ డి.ఎల్. హాల్‌ను మిల్వాకీకి ఇచ్చి బర్న్స్‌ను తీసుకున్నారు. హెండర్సన్, హాలిడే ఉన్న జట్టులో ఓర్టిజ్‌కు దారి లేదు. నిండిన గడిలోంచి తీసి, ఖాళీ గడిని నింపారు. బర్న్స్ ఒక్క సీజనే ఉన్నాడు కాబట్టి ఆ స్టార్టర్ గడి 2025కి మళ్లీ ఖాళీ అయింది. మార్పిడి రాసేటప్పుడు వచ్చినవాడి చివరి సీజన్ కూడా రాయాలి.

జూలైలో నార్బీ, స్టోవర్స్‌లను మయామీకి పంపి ట్రెవర్ రోజర్స్‌ను తెచ్చారు. ఆ ఏడాది రోజర్స్ తడబడి నార్ఫోక్‌కి వెళ్లాడు. 2025లో స్టోవర్స్ ఆల్-స్టార్ అయ్యాడు, రోజర్స్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు) 1.81తో ముగించాడు. ఇలాంటి మార్పిడిని రెండు సీజన్లు గడవకుండా తప్పు అనో ఒప్పు అనో తేల్చకండి.

11. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

ఒకే పేరును మూడు చోట్ల లెక్కించడం. యుటిలిటీ ఆటగాడు మూడు స్థానాల్లో రెండో పేరుగా కనిపిస్తాడు, కానీ ఒక రోజు ఒక చోటే ఆడగలడు. పేరును ఒక్కచోట ముదురుగా, మిగతా చోట్ల లేతగా రాయండి. లేత పేర్లతోనే నిండిన గడి ఖాళీ గడే.

ఫార్మ్ ర్యాంకు పడిపోతే బెంగపడటం. 130 ఎట్-బ్యాట్లు, లేదా 50 ఇన్నింగ్స్, లేదా 45 రోజులు యాక్టివ్ రోస్టర్‌లో దాటితే కుర్రాడు ప్రాస్పెక్ట్ జాబితా నుంచి వెళ్లిపోతాడు. ముగ్గురు పైకి వెళ్లినందువల్ల ర్యాంకు పడితే అది జట్టు బలపడిన గుర్తు. 25 ఏళ్లలోపు వారందరినీ, మేజర్ లీగ్‌లో ఉన్నవారితో కలిపి, ఇంకో జాబితా రాయండి.

సొంత జట్టు జాబితాను ఇతరులతో పోల్చకపోవడం. మీ జట్టులో ఐదో ప్రాస్పెక్ట్ ఇంకో జట్టులో పదిహేనోవాడు కావచ్చు. జాబితాలో ర్యాంకు బదులు గ్రేడునే పోల్చండి.

స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచుల) అంకెలను నమ్మడం. మార్చిలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి వేసేవాడు డబుల్-ఏ కుర్రాడు కావచ్చు. వేగం పెరిగిందా, కొత్త బంతి నేర్చాడా అన్నవి మాత్రమే తీసుకోండి. ఫాస్ట్‌బాల్ రెండు మైళ్లు పెరిగితే గ్రేడు మార్చవచ్చు, మూడు హోం రన్లు కొట్టినందుకు మార్చకూడదు.

దూరపు పేర్లతో గడి నింపడం. సింగిల్-ఏలో ఉన్న ముగ్గురిని కలిపి ఒక్క పేరుగా లెక్కించండి. వారిలో ఒకరు పైకి వచ్చినా మంచి ఫలితమే.

12. ఎప్పుడెప్పుడు తిరగరాయాలి

నవంబరు మధ్యలో, 40 మందిలో ఎవరిని చేర్చారో తేలగానే రూల్ 5 నిలువు వరుసను సరిచేయండి. డిసెంబరులో డ్రాఫ్ట్ అయ్యాక ఎవరు పోయారో, ఎవరు వచ్చారో చూడండి. రూల్ 5లో వచ్చినవాడు సీజన్ అంతా 26 మందిలో ఉండాలి కాబట్టి బెంచ్‌లో ఒక చోటు తగ్గుతుంది.

మార్చి చివరి వారంలో ఆప్షన్లు లేనివారి సంగతి తేలుతుంది. షీటు మొత్తం తిరగరాయాల్సింది అప్పుడే. మే నెలాఖరుకు ఆటగాళ్ల స్థానాల మ్యాచ్ లెక్కలు నింపండి. యాజమాన్యం ఎవరిని కొత్త స్థానంలో ఆడిస్తోందో అప్పటికి కనబడుతుంది, జూలై మార్పిడులకు అది ముందస్తు సూచన.

జూలైలో డ్రాఫ్ట్‌లో తీసుకున్నవారిని వెంటనే చార్ట్‌లో పెట్టకండి. మార్పిడి గడువు ముగిశాక, ఎవరు మిగిలారో చూసి గొలుసు పరీక్ష ఇంకోసారి చేయండి. సెప్టెంబరులో రోస్టర్ 28కి పెరిగినప్పుడు ఆ రెండు చోట్లకూ ఎవరిని పిలిచారో తేదీతో సహా రాసి, మార్చిలో మీరు రాసిన "రాగల తేదీ" పక్కన పెట్టి చూడండి.